పక్కబండి గాలి

బండి మా అమ్మని అవమానించింది ఒక సోమవారం పొద్దున, ఎనిమిదిన్నరకి.

అక్క స్టీరింగ్ దగ్గర కూర్చుంది. నేను పక్క సీట్లో కూర్చున్నాను. అమ్మ ఎప్పటిలాగే వెనక కుడివైపు తలుపు తీసి, ముందు సంచీ లోపలికి విసిరి, తర్వాత తను ఎక్కి, "ఆఁ, పోనివ్వు" అంది. బండి గేటు దాటిందో లేదో టింగుమని మోగింది. అక్క ముందున్న చిన్న తెరమీద గుర్రపు నాడా ఆకారంలో పసుపు దీపం వెలిగింది. దాని కింద బొమ్మ కారు, ఆ కారుకి నాలుగు చక్రాలు. మూడు చక్రాలు తెల్లగా బుద్ధిగా ఉన్నాయి. వెనక కుడి చక్రం ఒక్కటే ఎర్రగా మిటకరిస్తోంది.

"ఏమంటోంది?" అంది అమ్మ, ముందుకి వంగి.

"వెనక కుడి చక్రంలో గాలి తక్కువట," అన్నాను.

అమ్మ తను కూర్చున్న చోటు ఒకసారి చూసుకుంది. "అంటే, నేను కూర్చున్న చక్రమేగా?"

"అమ్మా, దానికీ నీకూ..."

"ఇన్నాళ్ళూ లేంది ఇవాళే తక్కువైందా? లావయ్యానని మొహం మీదే చెప్పమను. డొంకతిరుగుడు దేనికి?"

మా అమ్మ లావు కాదు, నిండుగా ఉంటుంది. ఈ మాట అమ్మదే. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఒక్కేళ్ళు ఆపరేటరుగా పనిచేసి రిటైరైంది. అరవై ఆరో ఏట ఈత నేర్చుకోవాలని బుద్ధిపుట్టి, రోజూ పొద్దున మాతోపాటే బయల్దేరి స్విమ్మింగ్ పూల్ దగ్గర దిగుతోంది. అప్పటికి మూడు నెలలైంది. నీళ్ళంటే భయం పోయింది కానీ, ఒంట్లోంచి వీసమెత్తు తగ్గలేదు. అందుకే ఆ మాట ములుకులా గుచ్చుకుంది.

అక్క పళ్ళ సెట్లు చేస్తుంది. డాక్టర్లు పంపిన అచ్చులు చూసి, ఎవరి నోటికి సరిపోయే పన్ను వాళ్ళకి అరగదీసి, వెంట్రుకవాసి తేడా రాకుండా అమరుస్తుంది. నేను కంటి ఆసుపత్రిలో పేర్లు రాసుకుని, వచ్చినవాళ్ళని వరుసలో కూర్చోబెడతాను. మా ఇల్లు గడిచేది పళ్ళమీదా కళ్ళమీదా అంటుంది అమ్మ. అక్కకి ముప్పై తొమ్మిది. పెళ్ళి మాటెత్తితే, "నాకు సరిపోయేవాణ్ణి తెండి, నేనేం వద్దన్నానా?" అనేది. సరిపోవడం అంటే అక్క లెక్కలో వెంట్రుకవాసి తేడా కూడా లేకుండా అని అర్థం. అందుకని ఆ మాట అక్కడితో ఆగిపోయేది.

అలాంటి మనిషి కళ్ళెదుట ఒక పసుపు దీపం వెలిగి ఆరకపోతే ఎలా ఉంటుందో చూడండి. అక్క ఆ రోజు అమ్మని పూల్ దగ్గర దించి, నన్ను ఆసుపత్రి దగ్గర దించి, తిన్నగా గాలి బాబాయ్ దగ్గరికి వెళ్ళింది.

గాలి బాబాయ్ ఎవరికీ బాబాయ్ కాదు, టైర్ల షాపాయన. మనిషి బక్కగా ఉంటాడు, గొంతు మాత్రం కంప్రెసర్ లాంటిది. అంతకు ముందు శనివారమే మేం అక్కడ నాలుగు టైర్లూ కొత్తవి వేయించుకున్నాం. ఆ రోజు షాపు జాతరలా ఉంది. మా బండి పక్కనే అచ్చు మా బండిలాంటిదే ఇంకో తెల్ల బండి జాకీల మీద ఉంది. రెండు బండ్ల చక్రాలూ ఊడదీసి గోడవారన నిలబెట్టి, బాబాయ్ ఒక చేత్తో పానా, ఒక చేత్తో ఫోనూ పట్టుకుని అటూ ఇటూ పరుగులు తీస్తున్నాడు.

"శనివారమేగా వేసింది, అప్పుడే ఏం రోగం?" అంటూ బాబాయ్ మీటరు పెట్టి చూశాడు. "చలికి కొంచెం దిగింది. అన్నిట్లోనూ దిగింది. ముప్పై మూడు కొడతాను, ఆరిపోతుంది."

నాలుగిట్లోనూ ముప్పై మూడు కొట్టాడు. వెనక కుడి దానికి అక్క మాటమీద ఇంకో రెండు ఎక్కువ కొట్టాడు. మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకి గేటు దాటగానే టింగుమంది. వెనక కుడి, ఇరవై తొమ్మిది.

"చూశావా," అంది అమ్మ. "నేను కూర్చున్నాను, అది కూసింది."

అక్క మళ్ళీ వెళ్ళింది. బాబాయ్ మీటరు ముప్పై అయిదే చూపిస్తోంది. "అమ్మా, నా మీటరు అబద్ధం చెప్పదు. నీ బండిలో చక్రం లోపల సెన్సర్ అని ఒకటుంటుంది, దానికి తిక్క. వదిలెయ్."

"వదిలేస్తే ఎలా బాబాయ్? ఎదురుగా ఎర్రగా కనిపిస్తుంటే?"

"ఓ కాగితం ముక్క అంటించెయ్ దానిమీద."

ఈ సలహా విని అక్క ముఖం చూడాల్సింది. ఎవరి పన్నో వంకరగా ఉంటే మీసం పెంచుకోమన్నట్టు ఉందట ఆ మాట. పట్టుబట్టి ముప్పై ఏడు కొట్టించింది. ఇంకా కొట్టమంటే బాబాయ్ దండం పెట్టేశాడు. "నా చేతుల మీదుగా పేలిపోకూడదు తల్లీ, నాకు పిల్లలున్నారు."

దాంతో అక్క ఒక చిన్న కరెంటు పంపు కొనుక్కొచ్చింది. బండిలోనే ప్లగ్గు పెట్టి కొట్టుకోవచ్చు. రోజూ సాయంత్రం ఆరింటికి పార్కింగులో మోకాళ్ళమీద కూర్చుని, పళ్ళకి మెరుగు పెట్టేటప్పుడు ఎలా నాలిక మడిచి పెదవి చివర పెట్టుకుంటుందో అలాగే పెట్టుకుని, గాలి కొట్టేది. పంపు డుర్రుమని అరుస్తుంటే మేడమీద కిటికీలన్నీ తెరుచుకునేవి.

ఇక అమ్మ. బుధవారం కాఫీలో చక్కెర మానేసింది. గురువారం, "ఇవాళ నేను ఎడమవైపు కూర్చుంటాను, ఏమంటుందో చూద్దాం" అంది. టింగు. వెనక కుడి. "పాత పగ ఇంకా పోలేదు దీనికి," అంది. శుక్రవారం నన్ను వెనక కుడివైపు కూర్చోబెట్టి తను ముందుకొచ్చింది. టింగు. వెనక కుడి. అంకె రెండు తగ్గి ఇరవై ఏడైంది.

"నీకంటే చిన్నదే బరువన్నమాట," అంది అక్క నవ్వాపుకుంటూ.

"నన్నెందుకు లాగుతారే మధ్యలో?" అన్నాను. కానీ ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో బరువు చూసుకున్నాను. అబద్ధమెందుకు.

ఈ తతంగం నడుస్తున్నప్పుడే పక్క స్థలంలో బండి పెట్టుకునే ఆయనతో పరిచయమైంది. మూడో అంతస్తులోకి అద్దెకి వచ్చి రెండు నెలలైంది. వాతావరణ కార్యాలయంలో పని. రోజూ గాలి ఒత్తిడి ఎంతుంది, తేమ ఎంతుంది, ఎండ ఎంతుంది అని కొలిచి రాసిపెట్టే ఉద్యోగం. మేడ మొత్తం ఆయన్ని 'వాతావరణం' అనే పిలుస్తుంది. ఆయన ఎదురుపడితే చాలు, బట్టలు ఆరేసుకునే వాళ్ళందరూ పైకి చూసి, "ఇవాళ వానుందా?" అని అడుగుతారు. ఆయన పాపం ఆగి, ఆకాశం చూసి, ఎంత శాతం అవకాశముందో చెబుతాడు. నలభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదట. పొడుగ్గా, కొంచెం వంగి, ప్రతిదానికీ ముందుగానే క్షమాపణ చెబుతున్నట్టు నడుస్తాడు.

ఒక సాయంత్రం అక్క పంపుతో కుస్తీ పడుతుంటే ఆయన వచ్చి నిలబడ్డాడు. నేను టార్చి పట్టుకుని ఉన్నాను.

"చలికి లోపల గాలి కుంచించుకుంటుందండీ," అన్నాడు.

"చలికి ఒక్క చక్రమే కుంచించుకుంటుందా?" అంది అక్క తలెత్తకుండా.

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, అర నిమిషం. "లేదండీ," అని ఒప్పుకున్నాడు. "అలా జరగకూడదు."

అక్క తలెత్తి చూసింది. తను అడిగిన ప్రశ్నకి ఒక మగమనిషి నిజంగా ఆలోచించి, తెలీదని ఒప్పుకోవడం అక్కకి బహుశా అదే మొదటిసారి. పంపు అలాగే డుర్రుమంటోంది. ముప్పై తొమ్మిది దాటి నలభైకి పోతుంటే నేనే ఆపాల్సి వచ్చింది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆరింటికి ఆయనకి కూడా పార్కింగులో ఏదో ఒక పని పడేది. ఒకరోజు అద్దం తుడిచాడు. మర్నాడు తుడిచిన అద్దమే తుడిచాడు. పొద్దునపూట మాత్రం మేం దిగేసరికి ఆయన బండి వెనకాల గొంతుక్కూర్చుని ఉండేవాడు. 'స్స్‌స్' మని చిన్న చప్పుడు వినిపించేది. తర్వాత మా వెనకే బయల్దేరేవాడు. మా వీధి ఇరుకు. మెయిన్ రోడ్డు దాకా రెండు బండ్లూ ఒకదాని తోక పట్టుకుని ఒకటి నడవాల్సిందే.

"గమనించావా?" అంది అమ్మ ఒకరోజు నాతో గుసగుసగా. "ఆ అబ్బాయి బండి వెనకాల కనబడితేనే మన బండి ఎర్రబడుతోంది."

"అమ్మా!"

"బండి సంగతే అంటున్నానే. దాని యజమానురాలి సంగతి నేనేమన్నా అన్నానా?"

అద్దంలో చూస్తే అక్క చెవులు కూడా ఎర్రగానే ఉన్నాయి.

రెండో వారం బుధవారం నాడు అమ్మ ఓర్పు నశించింది. చక్కెర లేని కాఫీ తాగి తాగి మనిషి మండిపోతోంది. గేటు దాటగానే టింగుమంది. ఇరవై అయిదు. ముందురోజు సాయంత్రమే అక్క నలభై ఒకటి దాకా కొట్టింది. ఆ చక్రం రాయిలా ఉంది, చిన్న గులకరాయి ఎక్కినా అమ్మ ఎగిరిపడుతోంది.

"ఆపు," అంది అమ్మ.

అక్క ఆపింది. అమ్మ దిగింది. చీర కొంగు బిగించి, తలుపు వేసి, "ఇప్పుడు పోనివ్వు. నెమ్మదిగా," అంది. అక్క నెమ్మదిగా పోనిచ్చింది. అమ్మ బండి పక్కనే, కిటికీ పట్టుకుని, వేగంగా నడుస్తోంది. "ఏమంటోంది? ఇంకా తక్కువే అంటోందా?"

"తక్కువే," అన్నాను.

"ఇరవై అయిదేనా?"

"ఇరవై అయిదే."

అమ్మ రోడ్డు మధ్యలో రెండు చేతులూ ఎత్తేసింది. "వింటున్నారా అందరూ? నేను దిగినా ఇరవై అయిదే! నా బరువు కాదు! నాకేం సంబంధం లేదు!" పాలు తెచ్చుకుంటున్న వాళ్ళూ, పిల్లల్ని బడికి పంపుతున్నవాళ్ళూ ఆగి చూశారు. ఒకావిడ చప్పట్లు కూడా కొట్టింది, ఏమర్థమైందో ఏమో.

వెనక వాతావరణం బండి ఆగి ఉంది. హారన్ కొట్టలేదు. కిటికీ దించి, "ఏమన్నా ఇబ్బందా ఆంటీ?" అన్నాడు.

"ఆంటీ ఏంటి నాయనా, పిన్నిగారూ అను. ఇబ్బంది కాదు, విజయం! ఈ బండి పదిరోజులుగా నన్ను లావంటోంది."

"నా బండి పదిరోజులుగా నేను పేలిపోతానంటోంది పిన్నిగారూ," అన్నాడాయన దిగులుగా.

అమ్మ ఆగింది. "పేలిపోవడమేంటి?"

"గాలి ఎక్కువట. రోజూ పెరుగుతోంది. ఎవరూ కొట్టకుండానే."

అమ్మకి ఎక్స్ఛేంజీ చెవులు. ఏదో ఒకటి తేడాగా వినిపిస్తే వదలదు. "నన్ను పూల్ దగ్గర దించు బాబూ," అని ఆయన బండెక్కేసింది. అక్కకి చెప్పను కూడా చెప్పలేదు. మేం ముందు, వాళ్ళు వెనక. రెండు నిమిషాల్లో నా ఫోను మోగింది.

"చిన్నదానా, స్పీకరు పెట్టు. పెద్దదీ వినాలి." ముప్పై ఒక్కేళ్ళు లైన్లు కలిపిన గొంతు అది, ఖణీమంటోంది. "మీ తెరమీద వెనక కుడి ఎంతుంది?"

"ఇరవై అయిదు."

"ఇక్కడ ఈ అబ్బాయి తెరమీద వెనక కుడి నలభై ఒకటుంది. పెద్దదానా, నిన్న సాయంత్రం నువ్వు ఎంత దాకా కొట్టావు?"

"నలభై ఒకటి," అంది అక్క.

"బాబూ, నువ్వు ఇవాళ పొద్దున గాలి తీసేసి ఎంత దాకా దించావు?"

ఫోనులో ఆయన గొంతు సన్నగా వినిపించింది. "మీటరు పెట్టి చూస్తే ఇరవై అయిదండీ. కానీ మరి తెర..."

"ఆపండి రెండు బండ్లూ!" అంది అమ్మ. అరిచిందనే చెప్పాలి. "ఇది క్రాస్ కనెక్షన్! వీళ్ళ ఫోను వాళ్ళింట్లో మోగుతోంది!"

మాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక అక్క బండిని పక్కకి తీసి, స్టీరింగ్ మీద నుదురు పెట్టుకుంది. భుజాలు కదిలిపోతుంటే, ఏడుస్తోందా అని కంగారుపడ్డాను. నవ్వుతోంది.

జరిగింది ఇదీ. ఆ శనివారం షాపులో మాది కాక ఉన్న తెల్ల బండి ఆయనదే. గోడవారన నిలబెట్టిన ఎనిమిది చక్రాల్లో బాబాయ్ రెండిటిని తారుమారు చేశాడు. మా వెనక కుడి చక్రం ఆయనకి బిగించాడు, ఆయనది మాకు. చక్రం లోపలి సెన్సర్ ఎవరి చక్రానికి పుట్టిందో వాళ్ళ బండితోనే మాట్లాడుతుంది. అందుకని పక్కపక్కన ఉన్నంతసేపూ ఆయన బండికున్న మా చక్రం గురించి మా తెర చెబుతోంది, మా బండికున్న ఆయన చక్రం గురించి ఆయన తెర చెబుతోంది. దూరమయ్యాక రెండూ విన్న చివరి మాటనే పట్టుకు వేలాడుతున్నాయి. అక్క మా బండి చక్రంలో గాలి కొడితే ఆయన తెరమీద పెరుగుతుంది. ఆయన భయపడి తన బండి చక్రంలో గాలి తీస్తే మా తెరమీద తగ్గుతుంది. అది చూసి అక్క ఇంకాస్త కొడుతుంది. అది చూసి ఆయన ఇంకాస్త తీస్తాడు. ఇంకో వారం ఇలాగే సాగి ఉంటే ఆయన రిమ్ముల మీదా, మేం బుడగ మీదా ప్రయాణం చేసేవాళ్ళం.

"మీ దగ్గర మీటరుందిగా? తక్కువుందని తెలుస్తుంటే ఎందుకు తీశారు?" అని అక్క నిలదీసింది. పూల్ ముందు చిన్న సర్కిల్ ఉంది, మధ్యలో ఫౌంటెన్. రెండు బండ్లూ అక్కడ ఆగాయి. నలుగురం దిగాం.

ఆయన బూట్లవైపు చూసుకున్నాడు. "మా ఆఫీసులో ఒక పద్ధతుందండీ. రెండు పరికరాలు రెండు రకాలుగా చెబితే సగటు తీసుకోవాలి. తెర నలభై ఒకటి, మీటరు ఇరవై అయిదు. సగటు ముప్పై మూడు. సరిగ్గా ఎంతుండాలో అంతే. రోజూ పొద్దున సగటు సరిచేస్తున్నాను."

అక్క ఆయన వంక చూసింది. తర్వాత వేళ్ళమీద ఏదో లెక్కపెట్టింది. "అంటే మీదీ నాదీ కలిపితే ఎప్పుడూ సరిగ్గానే ఉందన్నమాట."

"ఉందండీ," అన్నాడాయన. ఆ మాట అన్నాక గానీ తనేమన్నాడో ఆయనకి తెలిసినట్టు లేదు. ఇద్దరూ ఒక్కసారే ఫౌంటెన్ వైపు తిరిగారు.

"లెక్కలు తర్వాత," అంది అమ్మ. "లైను కలిసిందో లేదో పరీక్ష చేద్దాం. ఊరికే నమ్మకూడదు."

చక్రం తిరిగితే గానీ సెన్సర్ నోరు విప్పదు. కాబట్టి తిరగాల్సిందే. అక్క మా బండి చక్రంలో గాలి ముప్పై మూడుకి దించింది. ఆయనకి పంపిచ్చింది, ఆయన ముప్పై మూడుకి ఎక్కించాడు. ఆయన బండిలో అమ్మ, మా బండిలో నేను, కిటికీలన్నీ తెరిచి, సర్కిల్ చుట్టూ తిరగడం మొదలుపెట్టాం. ఒక చుట్టు. రెండు చుట్లు.

"దిగుతోంది! ముప్పై ఎనిమిది!" అమ్మ కిటికీలోంచి సగం బయటికొచ్చి అరిచింది.

"మాది ఎక్కుతోంది! ఇరవై తొమ్మిది!" నేను అరిచాను.

"ముప్పై అయిదు!"

"ముప్పై ఒకటి!"

నాలుగో చుట్టులో మా తెరమీద ఎర్ర చక్రం తెల్లబడింది. పసుపు దీపం ఠక్కున ఆరిపోయింది. "ఆరిందోయ్!" అని అక్క హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. వెనకనుంచి ఆయన హారన్ కూడా మొదలైంది. మేం ఆగాల్సింది. ఎందుకో ఎవరం ఆగలేదు. అయిదో చుట్టు, ఆరో చుట్టు, ఫౌంటెన్ తుంపర మీద పడుతోంది, అమ్మ ఈతటోపీ చేత్తో పట్టుకుని ఊపుతోంది, పూల్ మెట్లమీద అమ్మ ఈత జట్టంతా తువ్వాళ్ళు కప్పుకుని నిలబడి చూస్తోంది.

ఏడో చుట్టులో ట్రాఫిక్ పోలీసావిడ అడ్డంగా వచ్చి చెయ్యెత్తింది.

"ఏంటిది? ఎవరి కోసం తిరుగుతున్నారు?"

"మా చక్రం ఆయన దగ్గరుందండీ," అంది అక్క, నవ్వూ రొప్పూ కలిసిపోయి. "ఆయన చక్రం మా దగ్గరుంది."

పోలీసావిడ ఆయన దగ్గరికి వెళ్ళింది. "మీరేమంటారు?"

"నిజమేనండీ," అన్నాడాయన. "మీరు కావాలంటే కొలవచ్చు."

ఆవిడ అక్కనీ ఆయన్నీ ఇద్దరినీ కాసేపు మార్చి మార్చి చూసింది. "వెళ్ళి ఎవరిది వాళ్ళు పుచ్చుకోండి. లేకపోతే ఒకచోటే పెట్టుకోండి. రోడ్డు మాత్రం ఖాళీ చెయ్యండి," అంది.

గాలి బాబాయ్ ముందు ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇలాంటిది జరగలేదన్నాడు. అమ్మ షాపు మధ్యలో స్టూలు వేసుకుని కూర్చుని, ఎవరి మాట ఎవరికి వినిపిస్తోందో మొదటినుంచి చివరిదాకా వివరించింది. అంతా విన్నాక బాబాయ్ కంప్రెసర్ గొంతు తుస్సుమంది. "కవలపిల్లల్ని మార్చేసినట్టయిందమ్మా. నా తప్పే," అని స్వయంగా రెండు చక్రాలూ ఊడదీసి, దొర్లించుకుంటూ వెళ్ళి, ఎవరిది వాళ్ళకి బిగించాడు. ఈసారి సుద్దముక్కతో ఒక్కోదానిమీద అంతస్తు నంబరు కూడా రాశాడు.

మర్నాడు ఎనిమిదిన్నరకి గేటు దాటాం. టింగుమనలేదు. అమ్మ చక్కెర వేసిన కాఫీ తాగి, కాళ్ళు చాపుకుని కూర్చుంది. అంతా సవ్యంగా ఉంది. ఆ సాయంత్రం ఆరింటికి అక్క పార్కింగులో బండి ఆపి, పంపు చేతిలోకి తీసుకుని, మళ్ళీ పెట్టేసి, పైకొచ్చేసింది. ఆయన కూడా అద్దాలు తుడవడం మానేశాడు. ఎదురుపడితే, "బాగుందా అండీ?" అంటే "బాగుందండీ" అనుకోవడం, అంతే. తొమ్మిదిరోజులు ఇలాగే గడిచాయి. అక్క ఒక పెద్దాయనకి చేసిన పళ్ళ సెట్టులో కింది పన్ను పైన పెట్టిందని ల్యాబులో కబురు. అక్క చేసిన తప్పు నేను విన్నది అదొక్కటే.

"బండి బాగుపడింది, మనిషి పాడైంది," అంది అమ్మ.

"నేను మాట్లాడనా ఆయనతో?" అన్నాను.

"నోర్మూసుకుని ఉండవే. ఆపరేటరు లైను కలపాలి కానీ, మధ్యలో మాట్లాడకూడదు."

పదోరోజు పొద్దున అక్క మాకంటే ముందే కిందికి దిగింది. మేం వెళ్ళేసరికి అక్క ఆయన బండి కిటికీ పక్కన నిలబడి ఉంది. మేం స్తంభం చాటునే ఆగిపోయాం. అమ్మే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇవాళ గాలి ఒత్తిడి ఎంతుందండీ?" అని అడిగింది అక్క.

ఆయన కంగారుగా దిగబోయాడు. "ఏ చక్రంలో?"

"చక్రంలో కాదు. బయట. ఊళ్ళో."

ఆయన ముఖం చూడాలి అప్పుడు. పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదట. వానుందా అని అడిగేవాళ్ళే అందరూ. వెయ్యీ పదకొండు అన్నాడు, నిన్నటికంటే రెండు ఎక్కువ అన్నాడు, ఎందుకు ఎక్కువో చెప్పాడు, చేతులతో మేఘాలు చూపించాడు. అక్క మధ్యమధ్య ప్రశ్నలు వేసింది. ఆయన ఒక్కోదానికీ ఆగి ఆలోచించాడు. తొమ్మిదైంది. అమ్మ ఈత పోయింది, నా రిజిస్టరు పోయింది. మేం మెట్లమీద కూర్చుని కడుపు నొప్పెట్టేదాకా నోరు నొక్కుకుని నవ్వుకున్నాం.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆయన మమ్మల్ని తన ఆఫీసుకి పిలిచాడు. ఊరి చివర గడ్డి మైదానం, తెల్ల రంగేసిన చెక్కపెట్టెలు, గాలిమరలు. అక్కడ రోజూ ఒక పెద్ద బెలూన్ పైకి వదులుతారు. దాని కింద దారానికి చిన్న పెట్టె వేలాడుతుంది, పైన ఎంత చలి, ఎంత గాలి అని కింది వాళ్ళకి చెబుతూ పోతుంది.

"మీరు వదులుతారా?" అని అక్కని అడిగాడు.

అక్క రెండు చేతులతో పట్టుకుంది. బెలూన్ అక్కకంటే పొడుగుంది. సరిగ్గా అప్పుడే గాలి లేచింది. బెలూన్ పక్కకి లాగింది. అక్క దాని వెంటే పరిగెత్తింది. ఆయన పెట్టె పట్టుకుని పక్కనే పరిగెత్తాడు.

"వదలండి!"

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే!"

"నిజంగానా?"

"నిజంగా! వదిలేయండి!"

అక్క వదల్లేదు. ఇంకో పది అడుగులు పరిగెత్తింది. ఇద్దరూ గట్టిగా నవ్వుతున్నారు, ఎవరు ఎవర్ని లాగుతున్నారో తెలీడం లేదు. మైదానం అంచు దాకా వెళ్ళాక వదిలింది. బెలూన్ ఊపిరి వదిలినంత తేలిగ్గా లేచింది, పెట్టె దాని వెనక ఊగుతూ లేచింది.

వాళ్ళు ఆ మరుసటి నెల రిజిస్ట్రారు ఆఫీసు గదిలో సంతకాలు పెట్టారు. అమ్మా నేనూ సాక్షులం. కానీ నన్నడిగితే ఆ పెళ్ళి ఆ ఆదివారం మైదానంలోనే అయిపోయింది. ఎందుకంటే బెలూన్ చిన్న చుక్కై, చుక్క కూడా లేకుండా పోయాక, ఆయన పైకి చూడ్డం మానేసి అక్కనే చూస్తున్నాడు. అక్క కూడా ఆకాశం వైపు చూడ్డంలేదు.

"అదిగో, నాకింకా కనిపిస్తోంది," అంది అమ్మ, చెయ్యి అడ్డం పెట్టుకుని.

అమ్మ కళ్ళకి అంత శక్తి లేదని ఆసుపత్రిలో స్వయంగా రాసినదాన్ని నేను. అయినా, "ఆఁ, నాకూ కనిపిస్తోంది" అన్నాను. వాళ్ళిద్దరికీ ఇంకాస్త సమయం కావాలి కదా.